ఆయమ్మ నడుము, నా రంగునీళ్లు

కంపౌండరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు అదే పని చేసే మిమ్మల్ని ఫార్మసిస్టులంటున్నారు. మీలాంటి పిల్లలు ఎవరైనా వచ్చి పాత రోజుల సంగతులు చెప్పమంటే కలరా టీకాల గురించి చెబుతాను. మందుల పెట్టె ఎడ్లబండి మీద పెట్టుకుని పొంగిన వాగు దాటిన సంగతి చెబుతాను. అవన్నీ నేను మంచివాడిగా కనబడే కథలు. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇందులో నేను మంచివాడిగా కనబడను.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉండగానే నన్ను పటాన్‌చెరు దవాఖానకు వేశారు. నాకు ఇరవై మూడేళ్లు. ఈనాటి పటాన్‌చెరును మనసులో పెట్టుకోకండి. అప్పుడు ఫ్యాక్టరీలు లేవు, పొగగొట్టాలు లేవు. రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు, ఎప్పుడో ఒక బస్సు. దవాఖాన అంటే గూనపెంకుల ఇల్లు, మూడు గదులు. డాక్టరుగారు మంగళ, శుక్రవారాలు సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు. మిగతా రోజుల్లో దవాఖాన అంటే నేనే. ఆ మాట ఇంకెవరూ అనలేదు, నాకు నేనే అనుకునేవాణ్ణి.

నాతో పాటు పనిచేసేది ఆయమ్మ ఒక్కతే. ఆమెది కర్దనూరు. భర్త పోయాక దవాఖానలో పని దొరికితే పటాన్‌చెరు వచ్చి ఉంటోంది. నలభై దాటి ఉంటాయి. నాకంటే అంత పెద్ద మనిషిని "ఏమే" అని పిలిచేవాణ్ణి. ఆ కాలంలో అందరూ అలాగే పిలిచేవారని చెప్పి తప్పించుకోవచ్చు. కాని డాక్టరుగారు ఆమెను "అమ్మా" అనేవారు. కాబట్టి ఆ వంక నాకు పనికిరాదు.

మూడు గదులూ వాకిలీ ఊడవడం, సీసాలు కడగడం, కట్లు కట్టే గుడ్డలు ఉడకబెట్టడం, రోడ్డవతలి బావి నుంచి రోజుకు ఎనిమిది బిందెల నీళ్లు తేవడం ఆమె పని. దవాఖాన బిందె పెద్దది, ఇత్తడిది. ఖాళీగా ఉన్నా బరువే.

ఆమెకు నడుము నొప్పి. అప్పటికి పన్నెండేళ్ల కిందట చేలో జొన్నకట్ట ఎత్తుతుంటే పట్టుకుందట. మధ్యలో తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచేది గాని పూర్తిగా ఏనాడూ పోలేదు. కొన్ని పొద్దులు దవాఖానకు వచ్చి, తలుపు చౌకట్టు పట్టుకుని సగం వంగి అలాగే నిలబడేది. కాసేపటికి మెల్లగా లేచి నిటారయ్యేది. అప్పుడు చీపురు పట్టేది.

నేను వచ్చిన మొదటి నెలలోనే ఆమె అడిగింది. "సారూ, నడుముకు ఏమన్న మందియ్యరాదు?"

ఇచ్చాను. నొప్పి బిళ్లలు ఇచ్చాను. కొంచెం పనిచేస్తున్నట్టనిపించి, నాలుగు రోజులకు ఆ కొంచెమూ పోయింది. నొప్పులకు వాడే మిక్చరు ఇచ్చాను. కడుపులో మంటన్నది గాని నడుము సంగతి మారలేదు. రుద్దుకోవడానికి నూనె ఇచ్చాను. "రుద్దినంత సేపు మంచిగుంటది సారూ" అంది. నడుముకు అంటించే పట్టీ ఒకటి ఉండేది, అదీ వేశాను. అది ఊడేటప్పుడు చర్మం గుంజుకుని వచ్చింది.

మీకు ఒక సంగతి చెబుతాను. మన వృత్తిలో నయమయ్యే రోగి మీద ప్రేమ పుడుతుంది. చనిపోయే రోగి మీద జాలి పుడుతుంది. నయమూ కాకుండా, చావకుండా, రోజూ కళ్లెదుట తిరిగే రోగి మీద కోపం వస్తుంది. నా అల్మారాలో ఉన్న ప్రతి సీసాను ఆ నడుము ఓడించింది. ఆ ఓటమి నాదని ఒప్పుకునే వయసు కాదు నాది. తప్పు ఆమెదే అయి ఉండాలనుకున్నాను.

ఒక పొద్దున "ఎట్లున్నది?" అని అడిగాను.

"తక్కువ కాలేదు సారూ."

"ఇన్ని మందులు తిన్నా తక్కువ కాదా? చాతకాకుంటే పని మానుకో. ఈ నౌకరి కావాలని పది మంది ఉన్నరు."

ఆమె చీపురు గోడకానించింది. బిందె తీసుకుని బావికి వెళ్లింది.

ఆ వారంలోనే రంగునీళ్లు మొదలుపెట్టాను. సీసాలో నీళ్లు పోసి, కాస్త ఎర్రరంగు కలిపి, నాలుగు చుక్కలు పుదీనా అర్కు వేసేవాణ్ణి. మోతాదులు తెలిసేలా కాగితం పట్టీకి గాట్లు కత్తిరించి సీసాకు అంటించేవాణ్ణి. ఆ పట్టీ విషయంలో మాత్రం ఏ లోపమూ చేయలేదు. నిజమైన మందు ఆమె కడుపును మండిస్తోంది కదా, ఇది మేలే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే నమ్మడం సులువైంది.

మూడు రోజుల తర్వాత అడిగాను.

"తక్కువైంది సారూ" అంది ఆయమ్మ.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నొప్పి తగ్గినందుకు కాదు, నేను గెలిచినందుకు. నీళ్లకు తగ్గే నొప్పి నొప్పేనా? అప్పటినుంచి రోజూ అడగడం, ఆమె "తక్కువైంది సారూ" అనడం, నేను లోపల నవ్వుకోవడం అలవాటైపోయింది.

ఇక ఆమె చేసే ప్రతిదీ నాకు నాటకంగా కనబడసాగింది. ఇటుకముక్కను పొయ్యిలో వెచ్చచేసి, గోనెగుడ్డలో చుట్టి, సీసాలు కడిగేటప్పుడు నడుముకు ఆనించుకునేది. నాటకం. బిందె ఎత్తేముందు ఒక మోకాలు నేలకానించి, బిందెను పొట్టకు హత్తుకుని లేచేది. నాటకం. సగం వాకిలి ఊడ్చి, చీపురు పక్కన పెట్టి, దవాఖాన చుట్టూ రెండుసార్లు నడిచి వచ్చి మిగతా సగం ఊడ్చేది. ఇది మరీ పెద్ద నాటకం. ఒక అంగడి రోజు ఉల్లిగడ్డల కుప్ప దగ్గర ఎవరితోనో పకపకా నవ్వుతూ కనబడింది. నొప్పి ఉన్న మనిషి అలా నవ్వుతుందా? నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

ఆ రోజుల్లోనే ఒకసారి అడిగింది. "సారూ, ఈ పెద్ద బిందె బదులు రెండు చిన్నయి ఇప్పియ్యరాదు? పదహారు పార్లు తిరుగుత గని, ఇది సంకకెత్తుకుంటె నడుము తెగినట్టయితున్నది."

"రిజిస్టర్ల పెద్ద బిందె ఒకటి అని రాసున్నది. నీ కోసం రిజిస్టర్ మార్వాల్నా?"

"పోనీ సీపురుకు పొడుగు కట్టె కట్టుకుంట. వంగకుంట ఊడుస్త."

"మూలలల్ల దుమ్ము అట్లనే ఉంటది. వద్దు."

ఆమె అడిగినవి రెండే. రెండింటికీ నా దగ్గర జవాబు తయారుగా ఉంది.

వానలు పడుతున్న రోజులు. ఒక సోమవారం ఆయమ్మ కడిగిన సీసాలు పళ్లెంలో పెట్టుకుని గదిలోకి వస్తోంది. గడప దగ్గర ఏమైందో, "అమ్మా" అని ఒక్క కేక పెట్టి అక్కడే కూలబడిపోయింది. పళ్లెం జారింది. పన్నెండు సీసాలు ముక్కలయ్యాయి. గాజు సీసా ఒక్కటి దొరకడమే కష్టమైన రోజులవి. నేను ముందు సీసాల దగ్గరికి వెళ్లాను. ఆమె దగ్గరికి కాదు. అది నాకు బాగా గుర్తుంది. ఆమె గోడ పట్టుకుని ఎలాగో లేచి, గాజుముక్కలు కూడా తనే ఏరింది.

ఆ మధ్యాహ్నం ఒక కాగితం రాశాను. పని ఎగ్గొట్టడానికి ఆయా నడుము నొప్పి నటిస్తోందని, దవాఖాన సామాను పాడుచేస్తోందని, ఈమెను తీసివేసి వేరే మనిషిని ఇప్పించాలని. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

మరునాడు మంగళవారం. డాక్టరుగారు వచ్చారు. సంగారెడ్డి వారే, పెద్దవయసు మనిషి, తెల్ల గడ్డం. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి, మళ్లీ తెలుగులోకి వచ్చేవారు. రోగులను చూడటం అయ్యాక కాగితం ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"నటిస్తున్నదని నీకెట్ల మాలూమైంది?"

ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను. "సాబ్, రెండు నెలల సంది నేనిస్తున్నది మందు కాదు, ఉత్త రంగునీళ్లు. రోజు తక్కువైందనే అంటున్నది. నిజం నొప్పయితే నీళ్లకు తక్కువైతదా?"

శభాష్ అంటారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "అమ్మా, జెర ఇట్ల రా" అని పిలిచారు.

ఆయమ్మ తలుపు దగ్గరే ఉంది. అంతా వినే ఉంటుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"కంపౌండర్ సాబ్ ఇచ్చిన మందుతోటి తక్కువైందా?"

ఆమె నా వైపు చూసింది.

"నా దిక్కు చూసి చెప్పు. సచ్ బోలో, నిజం చెప్పు. నీ నౌకరికి ఏం కాదు, నాది జిమ్మా."

"లేదు సాబ్."

"మరి తక్కువైందని ఎందుకన్నవ్?"

 ఆమె మెల్లగా చెప్పింది. "ఆ సీసల ఏమున్నదో నాకెరికే సాబ్. నీళ్లు తెచ్చేది నేను. సీసలు కడిగేది నేను. రంగు డబ్బ తుడిచి పెట్టేది నేను. మొదటినాడు మూత తియ్యంగనె తెలిసింది."

"తెలిసి కూడ?"

"ఒకపారి తక్కువ కాలేదన్న సాబ్. చాతకాకుంటె మానుకొమ్మన్నడు సారు. అప్పటిసంది తక్కువైందనే అంటున్న. అట్లంటె సారుకు ఖుషీ అయితుండె. ఆ పూట నన్ను ఏమనకపోతుండె. గా పూట జెర నిమ్మలంగ పనిచేసుకుంటుంటి."

  నేను ఆమెను పరీక్షిస్తున్నాననుకున్నాను. ఆ రెండు నెలలూ ఆమే నన్ను ఒక మొండి రోగిలా సముదాయిస్తూ వచ్చింది.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "నీ దగ్గరనే ఉండనీ" అన్నారు. ఆ సాయంత్రం దాన్ని చింపేశాను. రాసినంత చక్కగా చింపలేకపోయాను.

తర్వాత ఆయమ్మను రోగులను చూసే బల్లమీద పడుకోమన్నారు. ఏళ్ల తరబడి రోజూ ఆ బల్ల తుడిచిన మనిషి, దానిమీద పడుకోవడానికి జంకింది. "పండుకో అమ్మా, ఏం కాదు" అన్నారు. ఒక్కో కాలు మెల్లగా పైకెత్తి చూశారు. కాలిలోకి గుంజుతుందా, తిమ్మిరెక్కుతుందా, ఒంటేలుకు ఇబ్బంది ఉందా, జ్వరం వస్తుందా, మనిషి చిక్కిపోయావా అని అడిగారు. మోకాళ్ల మీద తట్టి చూశారు. వెన్ను పొడవునా నొక్కి చూశారు. ఇన్ని నెలల్లో నేను వీటిలో ఒక్కటీ చేయలేదు.

చివరికి ఆమెను లేపి కూర్చోబెట్టి అన్నారు. "పరేషాన్ కావద్దు. ప్రాణానికి భయం లేదు. కాని ఒక మాట ఉన్నదున్నట్టు చెప్తున్న. దీన్ని పూర్తిగ తీసేసే మందు నా దగ్గర లేదు. సంగారెడ్డిల లేదు. హైదరాబాదుల కూడ ఉన్నదో లేదో. బిళ్లలు బాగ నొచ్చిన రోజు జెర పనిచేస్తయి, అంతే."

ఆమె ముఖం వాడిపోతుందనుకున్నాను. వాడలేదు. పైగా నిటారుగా కూర్చుంది. "గట్ల చెప్పినోళ్లు మీరే సాబ్" అంది.

"ఇగ నువ్వు చెప్పు. దేనితోటి నీకు జెర నయమనిపిస్తది?"

ఆ ప్రశ్న ఆమెను అంతకుముందు ఎవరూ అడగలేదు. మొదట తడబడింది. తర్వాత పావుగంట చెప్పింది. వేడి ఇటుక పెట్టుకుంటే బిగుసుకున్నది వదులవుతుందట. రెండు రోజులు పడుకుంటే మూడోరోజు లేవలేదట, నడిస్తేనే నయమట. ఒకే పని సాగదీయకుండా మధ్యలో వేరే పని చేస్తే నొప్పి తల ఎత్తదట. బరువు పొట్టకు దగ్గరగా పట్టుకుంటే నడుము మీద పడదట. ఎవరైనా కసిరిన రోజు, కంటికి నిద్రలేని రోజు రెట్టింపవుతుందట. డాక్టరుగారు నోటుబుక్కు తీసి, కుడినుంచి ఎడమకు, ప్రతి మాటా ఉర్దూలో రాసుకున్నారు. నేను నాటకాలని పేరుపెట్టినవన్నీ ఒక్కొక్కటిగా ఆ పుస్తకంలోకి వైద్యంగా ఎక్కాయి.

"ఇంకొకటి నేను చెప్త" అన్నారాయన. "మంచిగున్న రోజు సంతోషపడి పనంత చేసేస్తవ్ గదా?"

"అవ్ సాబ్."

"చెయ్యకు. పాడు రోజు ఎంత చెయ్యగలవో, మంచి రోజు దాదాపు అంతే చెయ్యాలె. మంచి రోజు ఆపుకునుడే కష్టం. నెలనెలా జెరంత జెరంత పెంచు."

వెళ్లబోతూ నా వైపు తిరిగారు. "శుక్రవారం దాక నీళ్లు నువ్వు తే."

తెచ్చాను. అదే పెద్ద బిందెతో, రోజుకు ఎనిమిదిసార్లు. బావి దగ్గర ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మూడోనాటికి నా నడుము పట్టేసింది. నేను చాలా గొప్పగా ఆయమ్మతో అన్నాను. "నీ నొప్పి ఎట్లుంటదో ఇప్పుడు తెలిసింది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "తెల్వలేదు సారూ. మీది ఎల్లుండికి పోతది. పోతదని మీకెరికే."

శుక్రవారం డాక్టరుగారు బస్సు దిగారు. ఒక చేతిలో ఒక చిన్న బిందె, ఇంకో చేతిలో ఇంకోటి. మందుల సంచి మెడకు తగిలించుకున్నారు. జిల్లా ఆస్పత్రి డాక్టరు అలా రోడ్డు దాటి వస్తుంటే జనం నిలబడి చూశారు. రిజిస్టరులో "చిన్న బిందెలు రెండు" అని నా చేత్తోనే రాశాను. ఒక్క వరుస పట్టింది, అంతే. చీపురుకు కట్టె కూడా నేనే కట్టాను. మూలల్లో దుమ్ము ఏమీ మిగల్లేదు.

ఆయమ్మ నొప్పి పోయిందని చెబితే కథ బాగుంటుంది. పోలేదు. కాని చౌకట్టు పట్టుకుని నిలబడే పొద్దులు తగ్గాయి. బాగా లేచిన రోజు కూర్చుని చేసే పనులు చేసేది. కట్లు చుట్టేది, సీసాల పట్టీలు కత్తిరించేది. ఆ పట్టీల గాట్లు నాకంటే సమానంగా కోసేది. మరుసటి ఎండాకాలానికి పదహారు చిన్న బిందెలు పెద్ద కష్టం లేకుండా తెచ్చేది. ఆ ఏడాది కూడా రెండుసార్లు, ఒక్కోసారి వారం రోజులు మంచానపడింది. మళ్లీ లేచింది.

లక్డారం నుంచీ భానూరు నుంచీ నడుము నొప్పులతో రైతులు వచ్చేవారు. ప్రమాదపు గుర్తులేవైనా ఉన్నాయేమో నేను అడిగి, ఉంటే సంగారెడ్డి పంపేవాణ్ణి. లేకపోతే ఉన్నమాట చెప్పేవాణ్ణి. తర్వాత ఆయమ్మ మోకాలు నేలకానించి బిందె ఎత్తడం వాళ్లకు చూపించేది. కొన్నాళ్లకు వచ్చినవాళ్లు నన్ను దాటుకుని "ఆయమ్మ ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. అందుకు కూడా కొంత కుళ్లుకున్నాను. మనిషి ఒక్కరోజులో మారతాడని మీకెవరైనా చెబితే నమ్మకండి.

ఇంత జరిగినా ఆమెకు క్షమాపణ చెప్పలేదు. "ఏమే" మానేసి "ఆయమ్మా" అనడం మొదలుపెట్టాను. అది చాలనుకున్నాను. ఈరోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్లకు పైగా గడిపేశాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాత నాకు జోగిపేట బదిలీ అయింది. వెళ్లే రోజు ఆయమ్మ నన్ను సాగనంపడానికి బస్సు ఆగే చోటికి వచ్చింది. ఇక తప్పదని నోరు విప్పాను.

"ఆయమ్మా, నాతోటి తప్పయింది."

"ఏ తప్పు సారూ?"

వెటకారం కాదు. ఏదని నిజంగానే అడిగింది.

"అదే, ఆ నీళ్లు... ఆ కాగితం..."

"ఓ, గదా!" అని నవ్వింది. "గది ఎన్నడో మర్సిన. ఉత్త నీళ్లే గదా సారూ, ఇసం పొయ్యకపోతిరి."

తర్వాత నవ్వు ఆగిపోయింది. రోడ్డు వైపు చూస్తూ అంది. "నేను వంగి నడుస్తుంటె మీరు నా ఎనుక గట్లనే వంగి నడిచిన్రు సూడు ఒకపారి. బెంచీ మీద కూసున్నోళ్లంత నవ్విన్రు. అండ్ల నా బిడ్డ అత్తగారోళ్లు ఉండిరి. పొద్దుగాల మందుకని వచ్చిన్రు. గదొక్కటి మర్వలేదు సారూ."

బస్సు వచ్చింది. ఆమె నా పెట్టె అందించబోతే వద్దని నేనే ఎత్తుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యెత్తింది. నేను చెయ్యెత్తలేకపోయాను, ఎందుకంటే ఆ రోజును వెతుక్కుంటున్నాను. ఏ నెల, ఏ పొద్దు, బెంచీ మీద ఎవరెవరున్నారు, నేను ఎన్ని అడుగులు అలా నడిచాను. ఏదీ గుర్తు రాలేదు.

ఆమె చెప్పింది నిజమని మాత్రం నాకు అప్పుడే తెలుసు. అప్పటి నన్ను నేనెరుగుదును కదా.

బస్సు సంగారెడ్డి దాటింది, జోగిపేట వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు, ఎన్నో దవాఖానలు. ఇప్పుడు ఎనభై దాటాయి. నేను అంతగా సిగ్గుపడవలసిన ఆ రోజు ఇప్పటికీ నాకు గుర్తు రాలేదు.